ఏ బ్రౌజరులో తెరిచినా సర్కారు సేవ అందాలి

ఇంటర్నెట్‌లోని పేజీలను తెరిచి చూపే సాఫ్ట్‌వేర్‌ను బ్రౌజరు అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఎడ్జ్, ఒపెరా అన్నీ బ్రౌజర్లే. పేర్లు వేరైనా చేసే పని ఒకటే. ఎక్కడో ఉన్న సర్వర్ పంపిన సమాచారాన్ని అందుకుని, దాన్ని అక్షరాలుగా, బొమ్మలుగా, నింపాల్సిన గడులుగా తెర మీద అమరుస్తాయి. ఏ బ్రౌజరు వాడాలన్నది వాడేవాళ్ల ఇష్టం. కొందరికి ఫోనుతో పాటు వచ్చినదొక్కటే తెలుసు. కొందరికి ఆఫీసు కంప్యూటరులో ఏది ఉంటే అదే వాడక తప్పదు. చూపు లేనివారు తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో బాగా కుదిరేదాన్ని ఎంచుకుంటారు.

బట్టల దుకాణం వెబ్‌సైటు ఒకరి ఫోనులో తెరుచుకోకపోతే వాళ్లు ఇంకో దుకాణం చూసుకుంటారు. నష్టం ఆ దుకాణానిదే. పాస్‌పోర్టుకు, ఓటరు నమోదుకు, ఆదాయ ధ్రువీకరణ పత్రానికి, పన్ను రిటర్నుకు రెండో దుకాణం ఉండదు. అందుకే ఒక ప్రభుత్వ వెబ్‌సైటు ఫలానా బ్రౌజరులోనే పనిచేస్తుందంటే, ఆ సేవకు చట్టంలో లేని అర్హత ఒకటి కొత్తగా చేర్చినట్టే. దరఖాస్తుదారుడి వయసు, ఆదాయం, నివాసం చూడమని చట్టం చెబుతుంది. అతని చేతిలో ఉన్న యంత్రం ఏ కంపెనీదో చూడమని ఏ చట్టమూ చెప్పదు.

అసలు వెబ్ పుట్టిందే ఈ ఇబ్బందిని తీర్చడానికి. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రానికి దేశదేశాల శాస్త్రవేత్తలు వచ్చేవారు. ఎవరి కంప్యూటరు వారిది, ఎవరి పద్ధతి వారిది. ఒకచోట రాసిన పత్రం మరోచోట తెరుచుకునేది కాదు. అక్కడ పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ 1989లో దీనికి ఒక పరిష్కారం ప్రతిపాదించి, 1990 చివరికల్లా తొలి బ్రౌజరును, తొలి సర్వర్‌ను తయారుచేశారు. ఏ యంత్రం నుంచైనా ఏ పత్రాన్నైనా చదవగలగాలన్నది ఆ ప్రతిపాదన సారం. 1994లో ఆయనే వెబ్ ప్రమాణాలను తీర్చిదిద్దే డబ్ల్యూ3సీ సంస్థను నెలకొల్పారు.

వెబ్ పేజీ మూడు భాషల కలయిక. హెచ్‌టీఎంఎల్ విషయం చెబుతుంది: ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పేరు రాయాల్సిన గడి, ఇది దరఖాస్తు పంపే బటను. సీఎస్ఎస్ రూపం చెబుతుంది: ఏ రంగు, ఎంత సైజు, ఎక్కడ ఉండాలి. నొక్కినప్పుడు, నింపినప్పుడు ఏం జరగాలో జావాస్క్రిప్ట్ చెబుతుంది. మొదటి రెండింటికీ ఓర్పు ఎక్కువ. తెలియని హెచ్‌టీఎంఎల్ గుర్తు ఎదురైతే బ్రౌజరు దాన్ని పక్కనపెట్టి, లోపలి అక్షరాలను మామూలుగా చూపిస్తుంది. తెలియని సీఎస్ఎస్ నియమం వస్తే ఆ ఒక్కదాన్ని వదిలేసి తక్కినవన్నీ పాటిస్తుంది. జావాస్క్రిప్ట్‌కు ఆ ఓర్పు లేదు. తనకు అర్థంకాని రాత ఒక్కచోట తగిలినా బ్రౌజరు ఆ ఫైలు మొత్తాన్నీ నడపకుండా ఆపేయగలదు. కొన్ని సర్కారు సైట్లు కొన్ని ఫోన్లలో ఖాళీగా తెరుచుకుని ఉండిపోవడానికి తరచుగా కారణం ఇదే.

ఈ మూడు భాషలనూ చదివి తెర మీద పేజీగా మార్చే లోపలి యంత్రాంగాన్ని ఇంజన్ అంటారు. ఇవాళ ప్రధానంగా ఉన్నవి మూడే. క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్ వంటివి బ్లింక్ ఇంజన్ మీద నడుస్తాయి. ఫైర్‌ఫాక్స్‌ది గెకో, సఫారీది వెబ్‌కిట్. ఐఫోనులో ఏ పేరుతో బ్రౌజరు పెట్టుకున్నా లోపల వెబ్‌కిట్టే ఉండాలని ఆపిల్ చాలాకాలంగా నియమం పెట్టింది. ఐరోపా సమాఖ్య చట్టం కారణంగా 2024లో అక్కడి వరకు ఆ నియమం సడలింది. అంటే మన దగ్గర ఐఫోనులో క్రోమ్ పెట్టుకున్న మనిషి నిజానికి వాడుతున్నది సఫారీ ఇంజన్‌నే. క్రోమ్‌లో చూశాం, బాగానే ఉంది అనే మాట ఐఫోను వాడేవారికి అక్కరకు రాదు.

ఒకే బ్రౌజరు రాజ్యం

1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో తయారైన మొజాయిక్, 1994లో వచ్చిన నెట్‌స్కేప్ బ్రౌజర్లు వెబ్‌ను మామూలు జనం దగ్గరికి తెచ్చాయి. 1995లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో రంగంలోకి దిగింది. నెట్‌స్కేప్ వారూ, మైక్రోసాఫ్ట్ వారూ పోటీపడి ఎవరికి వారు సొంత గుర్తులు, సొంత సౌకర్యాలు చేర్చుకుంటూ పోయారు. ఒకదాని కోసం రాసిన పేజీ రెండోదానిలో చెదిరిపోయేది. ఫలానా బ్రౌజరులో చూస్తేనే బాగుంటుందనే పట్టీలు సైట్ల అడుగున వెలిసిన కాలం అది. విండోస్‌తో పాటు ఉచితంగా రావడంతో ఎక్స్‌ప్లోరరే గెలిచింది. 2001లో ఆరో వెర్షన్ విడుదలైన కొద్దికాలానికే ప్రపంచంలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఎక్స్‌ప్లోరర్‌నే వాడుతున్నారు. పోటీ పోయాక పని కూడా ఆగింది. ఏడో వెర్షన్ కోసం జనం 2006 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

ప్రభుత్వ శాఖలు తమ సేవలను ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టింది సరిగ్గా ఆ ఏళ్లలోనే. అందరూ వాడేది అదే కదా అని దానికే సరిపడేలా కట్టారు. ఆనాటికి అది తేలిక దారిగా కనిపించి ఉండవచ్చు. ఆ దారి ఎక్కడికి తీసుకుపోయిందో దక్షిణ కొరియా అనుభవం చెప్పినంత వివరంగా మరొకటి చెప్పలేదు.

1990ల చివర్లో కొరియా ఆన్‌లైన్ బ్యాంకింగ్‌కు సిద్ధమైంది. బలమైన రహస్యలిపి ఉన్న సాఫ్ట్‌వేర్ ఎగుమతిపై అమెరికా అప్పట్లో ఆంక్షలు పెట్టింది. బయటి దేశాలకు ఇచ్చే బ్రౌజర్లలో 40 బిట్ల బలహీనమైన రక్షణే ఉండేది. డబ్బు వ్యవహారాలకు అది చాలదని కొరియా సమాచార భద్రతా సంస్థ సీడ్ అనే 128 బిట్ల సొంత రహస్యలిపిని రూపొందించింది. ఆ నిర్ణయంలో తప్పు పట్టడానికేమీ లేదు. సొంత రక్షణ సమకూర్చుకోవడం ఏ దేశానికైనా గర్వకారణమే. చిక్కు తర్వాత వచ్చింది. ఏ బ్రౌజరుకూ సీడ్ తెలియదు కాబట్టి, దాన్ని బయటి నుంచి తగిలించడానికి మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ఎక్స్ అనే పద్ధతిని వాడారు. యాక్టివ్ఎక్స్ భాగం ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప వేరే బ్రౌజరులో నడవదు, విండోస్ కాని కంప్యూటరులో అసలే నడవదు.

1999లో వచ్చిన ఎలక్ట్రానిక్ సంతకాల చట్టం కింద ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలు ధ్రువపత్రాలు జారీచేసేవి. బ్యాంకు లావాదేవీలకు, ప్రభుత్వ పనులకు, 3 లక్షల వాన్‌లు దాటిన ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఆ పత్రం తప్పనిసరి అయింది. పత్రాన్ని వాడాలంటే యాక్టివ్ఎక్స్ కావాలి, యాక్టివ్ఎక్స్ కావాలంటే ఎక్స్‌ప్లోరర్ కావాలి. 2000 జనవరిలో అమెరికా తన ఆంక్షలు సడలించింది. ఆ తర్వాత అన్ని బ్రౌజర్లలోనూ బలమైన రక్షణ సహజంగానే వచ్చేసింది. సీడ్ తగిలింపుకు మూలకారణం అక్కడితో పోయింది. నియమం మాత్రం ఇరవై ఏళ్లు నిలిచింది.

దాని ఫలితాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. 2007 జనవరిలో విండోస్ విస్టా విడుదలైనప్పుడు బ్యాంకుల, ప్రభుత్వ కార్యాలయాల యాక్టివ్ఎక్స్ భాగాలు అందులో సరిగా నడవలేదు. తొందరపడి విస్టాకు మారవద్దని కొరియా ప్రభుత్వమే ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది. కొరియా విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యుడు కిమ్ కీచాంగ్ ఓపెన్ వెబ్ పేరుతో ఉద్యమం నడిపి, అన్ని బ్రౌజర్లకూ ధ్రువపత్రాలు అందాలంటూ 2007లో కోర్టుకు వెళ్లారు. 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఆయనకు ఓటమే ఎదురైంది. ఇంత జరిగినా భద్రత పెరిగిందా అంటే అదీ లేదు. ప్రతి సైటూ ఏదో ఒకటి ఇన్‌స్టాల్ చేయమని అడుగుతుంటే, అడిగిన ప్రతిదానికీ సరే నొక్కడం జనానికి అలవాటైంది. దొంగ సాఫ్ట్‌వేర్ పంపేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

చివరికి కదలిక తెచ్చింది ఒక టీవీ సీరియల్. చైనాలో విపరీతంగా ఆదరణ పొందిన ఆ కొరియన్ సీరియల్‌లో కథానాయిక వేసుకున్న కోటును ఆన్‌లైన్లో కొందామంటే, ధ్రువపత్రం లేని విదేశీయులకు వీలుపడలేదు. 2014 మార్చిలో అప్పటి అధ్యక్షురాలు పార్క్ గున్-హే స్వయంగా ఈ సంగతి ప్రస్తావించారు. ఆ ఏడాదే కొనుగోళ్లకు పత్రం తప్పనిసరి అనే నియమం తొలగింది. తర్వాత అధ్యక్షుడైన మూన్ జే-ఇన్ ప్రభుత్వ సైట్ల నుంచి యాక్టివ్ఎక్స్‌ను తీసేస్తామని ఎన్నికల్లో హామీ ఇచ్చారు. 2020లో చట్టం సవరించి, ఆ డిసెంబరు 10 నుంచి ప్రభుత్వ గుర్తింపు పత్రాలకున్న ప్రత్యేక హోదాను రద్దుచేశారు. అయినా రోగం పూర్తిగా పోలేదు. చాలాచోట్ల యాక్టివ్ఎక్స్ స్థానంలో కంప్యూటరులో విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిన భద్రతా ప్రోగ్రాములు వచ్చి కూర్చున్నాయి. వాటిలో తీవ్రమైన లోపాలున్నాయని భద్రతా నిపుణుడు వ్లాదిమిర్ పలాంట్ 2023లో వరసగా బయటపెట్టారు.

కొరియా కథ నిదానంగా సాగిన ఇబ్బంది. అమెరికాలో అదే ఇబ్బంది విపత్తు వేళ ఎదురైంది. 2005 ఆగస్టు చివర్లో కత్రినా తుపాను న్యూ ఓర్లీన్స్‌ను ముంచెత్తింది. ఇళ్లు పోగొట్టుకున్నవారు సాయం కోసం నమోదు చేసుకోవాల్సిన ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ ఫెమా వెబ్‌సైటు ఎక్స్‌ప్లోరర్ 6 ఉంటేనే దరఖాస్తు తీసుకునేది. తలదాచుకున్న చోట మాక్ కంప్యూటరో, లినక్స్ కంప్యూటరో దొరికినవారికి ఫోన్ లైనే గతి. ఆ నెలల్లోనే అమెరికా కాపీరైట్ కార్యాలయం తన కొత్త ముందస్తు నమోదు సేవను మొదట ఎక్స్‌ప్లోరర్‌కే పరిమితం చేస్తే ఎవరికైనా ఇబ్బందా అని అభిప్రాయాలు కోరింది. జవాబు రాసినవారిలో టిమ్ బెర్నర్స్-లీ కూడా ఉన్నారు.

దక్షిణాఫ్రికా పన్నుల శాఖ చిక్కుకున్నది ఫ్లాష్‌తో. యానిమేషన్ల కోసం పుట్టిన ఈ తగిలింపు సాఫ్ట్‌వేర్ మీద ఆ శాఖ తన ఫారాలు కట్టుకుంది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ఆపేస్తామని తయారీదారు అడోబీ 2017లోనే ప్రకటించింది. గడువు దాటాక కూడా కొన్ని ఫారాలు మారలేదు. దాంతో 2021 జనవరిలో ఆ శాఖ ఫ్లాష్ నడిచే సొంత బ్రౌజరునే విడుదల చేసింది, అదీ విండోస్ కంప్యూటర్లకే. ఫారాలు మార్చడానికి మూడేళ్లకు పైగా సమయం ఉన్నా చివరకు బ్రౌజరును మార్చుకోమని పౌరుడికి చెప్పాల్సి రావడం విచారకరం.

ప్రమాణాలు ఎంత దూరం వచ్చాయి

2004లో ఫైర్‌ఫాక్స్, 2008లో క్రోమ్ రావడంతో మళ్లీ పోటీ మొదలైంది. వాటికంటే ముందే 2003లో సఫారీ వచ్చింది. అన్ని బ్రౌజర్లూ ఒకే నియమాన్ని ఒకే రకంగా పాటిస్తున్నాయా అని చూసే పరీక్షలు తయారయ్యాయి. 2005లో యాసిడ్2, 2008లో యాసిడ్3 పేరుతో వచ్చిన పరీక్షా పేజీలు బాగా పేరుపొందాయి. హెచ్‌టీఎంఎల్ ఐదో వెర్షన్ 2014లో ఖరారైంది. తప్పుగా రాసిన పేజీని కూడా అన్ని బ్రౌజర్లూ ఒకేలా ఎలా చదవాలో అందులో స్పష్టంగా రాశారు. వెబ్ చరిత్రలో పెద్దగా చప్పుడు చేయని గొప్ప పనుల్లో అదొకటి. ఇప్పుడు ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా ఏటా ఇంటరాప్ పేరుతో కూర్చుని తమ ఇంజన్ల మధ్య తేడాలు ఎక్కడున్నాయో గుర్తించి సరిచేసుకుంటున్నాయి. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ వీడ్కోలు పలికింది.

ప్రమాణాలు కుదురుకున్నా అలవాటు మాత్రం మారలేదు. ఒకప్పుడు ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే చూసి సరే అనుకున్నవారి తర్వాతి తరం ఇప్పుడు క్రోమ్‌లో మాత్రమే చూసి సరే అనుకుంటోంది. బ్రౌజరు మంచిదే కావచ్చు. ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వ సేవకు గేటుగా పెట్టడంలోని తప్పు మాత్రం అప్పటిదే.

అన్ని బ్రౌజర్లకూ పనిచేసేలా కట్టడమంటే ప్రతి బ్రౌజరుకూ విడివిడిగా రాయడం కాదు. పునాది నుంచి పైకి కట్టుకుంటూ రావడం. మొదట హెచ్‌టీఎంఎల్ ఒక్కటే ఉన్నా పని పూర్తయ్యేలా చూడాలి: సమాచారం చదవగలగాలి, గడులు నింపగలగాలి, పంపు బటను నొక్కితే దరఖాస్తు సర్వర్‌కు చేరాలి. దానిమీద సీఎస్ఎస్‌తో రూపం దిద్దాలి. ఆపైన జావాస్క్రిప్ట్‌తో సౌకర్యాలు చేర్చాలి. పిన్‌కోడ్ కొట్టగానే ఊరు పేరు రావడం, తప్పు నింపితే అక్కడికక్కడే చెప్పడం లాంటివి. ఏ కారణంతోనైనా పై పొర పనిచేయకపోతే సౌకర్యం తగ్గుతుంది, సేవ ఆగదు. 2003 ప్రాంతంలో పేరు పెట్టుకున్న ఈ పద్ధతిని బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం తన సేవలన్నింటికీ నియమం చేసింది. 2012 అక్టోబరులో ప్రారంభమైన ఆ దేశపు ఉమ్మడి ప్రభుత్వ వెబ్‌సైటు ఈ పద్ధతిలోనే నడుస్తోంది.

ఈ కాలంలో జావాస్క్రిప్ట్ లేకుండా ఎవరున్నారు, ఇదంతా దేనికి అని ఇంజనీర్లు అడగడం మామూలే. బ్రిటన్ బృందం 2013లో దీన్ని లెక్కతీసి చూసింది. ఐదు లక్షలకు పైగా సందర్శనలను పరిశీలిస్తే 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ అందలేదు. వారిలో దాన్ని కావాలని ఆపుకున్నవారు, అది లేని బ్రౌజరు వాడేవారు 0.2 శాతమే. మిగతా 0.9 శాతం మంది బ్రౌజర్లలో జావాస్క్రిప్ట్ ఉంది, అయినా ఆ క్షణాన నడవలేదు. సిగ్నల్ మధ్యలో తెగిపోవడం, ఆఫీసు నెట్‌వర్క్ ఆ ఫైలును అడ్డుకోవడం, పేజీ పూర్తిగా రాకముందే వేరేది నొక్కడం లాంటివన్నీ కారణాలు కావచ్చు. అంటే ఇది పాత ఫోను ఉన్న కొద్దిమంది సమస్య కాదు. ఖరీదైన ఫోను ఉన్నవారికీ రైల్లో, లిఫ్టులో, కొండప్రాంతంలో ఎప్పుడైనా ఎదురయ్యేదే. నూటికి ఒక్కరంటే తక్కువగా వినిపిస్తుంది. కోటి దరఖాస్తుల్లో ఆ ఒక్క శాతం లక్షమంది.

కొన్ని సైట్లు బ్రౌజరు పేరు అడిగి, జాబితాలో లేకపోతే తలుపు వేసేస్తాయి. బ్రౌజర్లన్నీ సర్వర్‌తో మాట్లాడేటప్పుడు తమ పరిచయం పంపుతాయి గానీ ఆ పరిచయాన్ని నమ్మడానికి లేదు. ఇలాంటి తనిఖీల్లో తిరస్కరణకు గురికాకుండా ఉండటానికే ఎక్స్‌ప్లోరర్ కూడా నెట్‌స్కేప్‌లాగే తనను మొజిల్లా అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఈరోజుకీ దాదాపు ప్రతి బ్రౌజరూ అదే చెబుతోంది. క్రోమ్ పరిచయంలో సఫారీ పేరు ఉంటుంది, ఎడ్జ్ పరిచయంలో రెండు పేర్లూ ఉంటాయి. పేరు అడగడం మాని, కావలసిన సామర్థ్యం ఉందా లేదా అని చూడటమే సరైన పద్ధతి. కెమెరా వాడే వీలుంటే ఫొటో తీసే బటను చూపాలి, లేకపోతే ఫైలు ఎక్కించే గడి చూపాలి.

చిన్న చిన్న చోట్లే ఎక్కువగా దెబ్బతింటాయి. పుట్టినతేదీ గడి సంగతే తీసుకుంటే, క్యాలెండరు తెరుచుకునే తేదీ గడిని ఫైర్‌ఫాక్స్ 2017లో, మాక్ కంప్యూటర్లలోని సఫారీ 2021లో గానీ అందిపుచ్చుకోలేదు. అప్పటిదాకా వాటిలో ఉత్త గడి కనిపించేది. ఏ వరుసలో రాయాలో చెప్పకపోతే ఒకరు రోజు ముందు, ఒకరు సంవత్సరం ముందు రాసేవారు. సంవత్సరం, నెల, రోజు వరుసలో రాసి ఒక ఖాళీ వదిలి సమయం రాస్తే క్రోమ్ దాన్ని తేదీగా గుర్తించేది. సఫారీ చాలాకాలం చెల్లని తేదీ అనేది. పుట్టినతేదీకి క్యాలెండరు ఎందుకన్నది మరో ప్రశ్న. అరవై ఏళ్ల మనిషి తన పుట్టిన నెల కోసం వందల పేజీలు వెనక్కి తిప్పుకోవాల్సిన పని లేదు. బ్రిటన్ సైట్లలో రోజుకు, నెలకు, సంవత్సరానికి మూడు మామూలు గడులుంటాయి. అన్ని బ్రౌజర్లలోనూ అవి ఒకేలా పనిచేస్తాయి.

ఆధార్ వంటి సంఖ్యల గడిదీ ఇలాంటి కథే. అంకెల గడి అని ప్రకటిస్తే కొన్ని బ్రౌజర్లలో మౌస్ చక్రం తిప్పగానే చివరి అంకె మారిపోతుంది, గమనించకపోతే తప్పు నంబరే వెళ్తుంది. ఈ కారణంతో, మరికొన్ని కారణాలతో బ్రిటన్ బృందం 2020లో ఆ గడిని వదిలేసింది. మామూలు గడి పెట్టి, ఫోనులో అంకెల కీబోర్డు వచ్చేలా మాత్రం సూచన ఇస్తోంది.

మన సైట్లు, మన అక్షరాలు

భారత ప్రభుత్వానికి ఈ విషయంలో నియమాలు లేకపోలేదు. జాతీయ సమాచార కేంద్రం 2009లో ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు ప్రకటించింది. వాటి మూడో రూపం 2023లో వచ్చింది. సైటును వేర్వేరు బ్రౌజర్లలో పరీక్షించాలని, ప్రాంతీయ భాషల అక్షరాలు వాటిలో చెదరకుండా ఉన్నాయో లేదో చూడాలని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. ఈ-పాలనలో అందరికీ అందుబాటులో ఉండే ప్రమాణాలే వాడాలన్న విధానం 2010 నుంచి ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని కింద చేసిన నిబంధనల్లో ఒకటి అందుబాటు ప్రమాణాలను తప్పనిసరి చేయకుండా సలహాల స్థాయిలో వదిలేసిందంటూ 2024 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. డిజిటల్ సేవలను అందరూ అందుకోగలగడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌లో మరో తీర్పులో చెప్పింది. బ్రౌజరు ఎంపిక, అందుబాటు వేరువేరు సంగతులు కావు. చూపు లేని వ్యక్తి స్క్రీన్ రీడర్ ఒక బ్రౌజరుతోనే బాగా పనిచేస్తుంటే, ఆ బ్రౌజరును కాదన్న సైటు ఆ మనిషిని కాదన్నట్టే.

మన దేశంలో కొరియా కథను గుర్తుచేసేది డిజిటల్ సంతకం. 2000 నాటి ఐటీ చట్టం దాన్ని గుర్తించింది. కంపెనీల రిజిస్ట్రేషన్లు, పన్ను రిటర్నులు, టెండర్లు ఆన్‌లైన్లోకి వచ్చాక యూఎస్‌బీ టోకెన్‌లో ఉన్న సంతకాన్ని బ్రౌజరు చదవాలంటే జావా ఆప్లెట్ అనే తగిలింపు కావాల్సి వచ్చింది. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ భద్రతా కారణాలతో అలాంటి తగిలింపులకు తలుపులు మూశాయి. ఆడిటర్ల కార్యాలయాల్లో పాత బ్రౌజరును అప్‌డేట్ కాకుండా జాగ్రత్తగా కాపాడుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. తర్వాత కంప్యూటరులో విడిగా నడిచే చిన్న ప్రోగ్రాము బ్రౌజరుతో మాట్లాడే పద్ధతి వచ్చింది. 2017లో మొదలైన జీఎస్టీ పోర్టల్ సంతకం కోసం వాడుతున్నది అదే. ఓటీపీతో ధ్రువీకరించే వీలు కల్పించిన చోట మామూలు పౌరుడికి ఈ బాధ చాలావరకు తప్పింది. అన్ని బ్రౌజర్లకూ తెలిసిన సాధారణ దారి ఒకటి పక్కన ఉంచడమే ఇందులోని కీలకం.

తెలుగువారికి బ్రౌజరు గొడవ కొత్తదేమీ కాదు. 2000 తొలి ఏళ్లలో తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటుతో ఉండేవి. పేజీతో పాటే దిగే ఫాంట్లకు ఎక్స్‌ప్లోరర్‌ది ఒక పద్ధతి, నెట్‌స్కేప్‌ది మరో పద్ధతి. వేరే బ్రౌజరులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు గుర్తుల కుప్ప కనిపించేది. ఫైర్‌ఫాక్స్ వాడే తెలుగువారి కోసం ఈ రాతలను అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేతమైన యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే పొడిగింపు వచ్చింది. ఆనాటి పాఠకులు దాన్ని కృతజ్ఞతతో తలచుకోవాల్సిందే. తెలుగు 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే చోటు సంపాదించుకుంది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా క్లిష్ట లిపుల మద్దతును విడిగా సీడీ పెట్టి ఇన్‌స్టాల్ చేసుకుంటే గానీ వత్తులు కుదురుగా కనిపించేవి కావు. ప్రభుత్వ ఈ-సేవలకు యూనికోడే ప్రమాణమని 2009లో కేంద్రం ప్రకటించింది.

యూనికోడ్ వచ్చాక కూడా తెలుగును విడిగా పరీక్షించాల్సిందే. ఇంగ్లిషు అక్షరాల కొలతతో గీసిన బటన్లలో కింది వత్తులు తెగిపోతాయి. పైన గుడి, కింద వత్తు ఉన్న అక్షరానికి నిలువునా ఎక్కువ చోటు కావాలి. ఒక ఫోనులోని ఫాంటు వెడల్పు, మరోదానిలోనిది సన్నం. ‘ధ్రువీకరించు’ ఒకచోట బటనులో ఇముడుతుంది, ఇంకోచోట సగం తెగి కనిపిస్తుంది. ఎత్తు, వెడల్పు బిగించకుండా అక్షరాలను బట్టి పెరిగేలా వదిలితే ఈ చిక్కు ఉండదు. అక్షరాలను కూర్చే పని కూడా అన్ని ఇంజన్లదీ ఒకటి కాదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీతో కూరిస్తే, ఆపిల్ తన సొంత పద్ధతిలో కూరుస్తుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞ’కు కంటికి కనబడని విభజన గుర్తు, దాని వెనక దీర్ఘం చేరిన ఒక కూర్పు తెర మీదికి రాగానే ఐఫోన్లలో ఆప్‌లు కుప్పకూలాయి. కొద్దిరోజుల్లోనే, ఫిబ్రవరి 19న, ఆపిల్ సవరణ విడుదల చేసింది. అంత పెద్ద కంపెనీయే తెలుగు కూర్పులన్నీ చూసుకోలేకపోయిందంటే, తెలుగు సైటు కట్టేవారు ప్రతి ఇంజన్‌లోనూ తెలుగులోనే చూసి తీరాలి.

పల్లెల్లో సేవలు అందుకునే దారులు కూడా గమనించదగ్గవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో మొదలైన మీసేవ కేంద్రాలు, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన గ్రామ, వార్డు సచివాలయాలు చాలామందికి బ్రౌజరుతో పనిలేకుండా చేశాయి. కౌంటరు దగ్గర ఆపరేటరు చూసుకుంటాడు. అదే పని ఇంటి నుంచి ఫోనులో చేసుకోబోతే అసలు తేడా తెలుస్తుంది. డేటా ఆదా కోసం పేజీని తన సర్వర్‌లోనే కుదించి పంపే ఒపెరా మినీలో జావాస్క్రిప్ట్ పరిమితంగానే నడుస్తుంది. 2017లో వచ్చిన జియోఫోన్‌లోని కైఓఎస్‌లో ఉన్నది గెకో పాత వెర్షను. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో వాట్సాప్ ద్వారా సేవలు ప్రారంభించింది. జనం చేతిలో ఉన్నదాని దగ్గరికే ప్రభుత్వం వెళ్లడం మెచ్చుకోదగిన ఆలోచన. అయితే ఒక కంపెనీ ఆప్ మీద నడిచే సేవ పక్కన, ఏ బ్రౌజరులోనైనా తెరుచుకునే పేజీ కూడా ఎప్పటికీ ఉండాలి.

అన్ని బ్రౌజర్లూ అంటే ఇరవై ఏళ్ల కిందటివి కూడానా అన్న ప్రశ్న న్యాయమైనదే. భద్రత దగ్గర ఒక గీత గీయక తప్పదు. సర్వర్‌కు, ఫోనుకు మధ్య సమాచారాన్ని గుప్తంగా ఉంచే టీఎల్ఎస్ పాత వెర్షన్లను ప్రధాన బ్రౌజర్లు 2020లో వదిలేశాయి. ఆధార్, బ్యాంకు వివరాలు తీసుకునే సైటు వాటిని అంగీకరించకూడదు కూడా. ఆ గీతకు ఇవతల ఉన్నవాటన్నింటిలోనూ పని పూర్తి కావాలి, అందం ఒకేలా ఉండకపోయినా ఫరవాలేదు. గీతకు అవతల ఉన్నవారికి ఖాళీ తెర కాకుండా, ఎందుకు కుదరదో, దగ్గర్లో ఏ కేంద్రానికి వెళ్లవచ్చో తెలుగులో చెప్పే మామూలు పేజీ కనిపించాలి.

ఇదంతా టెండరు కాగితంలో రాసుకోవాల్సిన సంగతి. చాలాచోట్ల సైటు కట్టేది బయటి కంపెనీ. అన్ని బ్రౌజర్లలో పనిచేయాలని ఒక్క ముక్క రాస్తే ఎవరూ దాన్ని తేల్చి చూడలేరు. ఏ ఇంజన్లలో, ఎలాంటి ఫోన్లలో, ఎంత నెమ్మది నెట్‌వర్క్‌లో, ఏ పని మొదటి నుంచి చివరి దాకా పూర్తి కావాలో రాస్తే తేల్చవచ్చు. హోం పేజీ తెరుచుకోవడం పరీక్ష కాదు. లాగిన్, ఓటీపీ, ఫొటో ఎక్కించడం, ఫీజు చెల్లింపు, రసీదు దించుకోవడం దాకా ప్రతి ఇంజన్‌లో చేసి చూడాలి. చెల్లింపు దగ్గర బ్యాంకు పేజీకి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువ సైట్లు తడబడతాయి, కొత్త విండో తెరవడాన్ని, బయటి కుకీలను బ్రౌజర్లు వేర్వేరుగా అడ్డుకోవడం దానికి ఒక కారణం. చౌక ఆండ్రాయిడ్ ఫోను ఒకటి, పాత ఐఫోను ఒకటి కొని పరీక్షకులకు ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు.

సైటు మొదలయ్యాక కూడా ఈ పని ఆగదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఇప్పుడు కొద్ది వారాలకొకసారి కొత్త వెర్షన్ విడుదల చేస్తున్నాయి. నిర్వహణ ఒప్పందంలో మరమ్మతులకూ, మళ్లీ పరీక్షించడానికీ చోటు ఉండాలి. దరఖాస్తు మొదలుపెట్టి పూర్తిచేయని వారు ఏ పేజీలో ఆగారో, వారి బ్రౌజరు ఏదో సర్వర్ లెక్కల్లోనే దొరుకుతుంది, ఎవరి వివరాలూ బయటపెట్టకుండానే చూడవచ్చు. ఫొటో ఎక్కించే పేజీ దగ్గర సఫారీ వాడేవారే ఎక్కువగా ఆగిపోతున్నారని లెక్క చూపిస్తే, సరిచేయాల్సింది ఆ పేజీని.